మా ఆయన దీవుల్లో ఉన్నారు

1948 జూలై 4, ఆదివారం

మా ఆయన ఇవాళ దేవుణ్ణి ఇరికించారు.

ఆరాధన అయిపోవచ్చింది. పాస్టరుగారు "ఎవరైనా సాక్ష్యమివ్వదలిస్తే లేవవచ్చును" అన్నారు. ప్రతివారం అంటారు, ప్రతివారం ఎవరూ లేవరు, ఆశీర్వాదం చెప్పి ఇంటికి పంపుతారు. ఇవాళ ఈయన లేచారు. కోటు గుండీ పెట్టుకుని, గొంతు సవరించుకుని, "ప్రభువు నన్ను సముద్రము మీదికి పిలుచుచున్నాడు" అన్నారు. ఇంట్లో "ఏందే, చాయ్ అయ్యిందా" అనే మనిషికి గుడిలో లేచేసరికి బైబిలు భాష ఎక్కణ్ణుంచి వస్తుందో!

పిలిచింది ప్రభువు కాదు, మెక్లీన్ దొర. ఆ దొర అన్నగారు వెస్టిండీసులో, బార్బడోస్ అనే దీవిలో ఉండేవాడట. పోతూ పోతూ తమ్ముడికి ఒక తెరచాప పడవ రాసి పోయాడు. సొంత పడవ. పేరు "పేషెన్స్". ఓర్పు అన్నమాట. దొర ఇక్కడి కలప వ్యాపారం మూసేసి, ఆ పడవలో దీవి తరవాత దీవి చుట్టబెడతాడట. లెక్కలు రాయడానికి, టీ కాయడానికి, తన పులివేట కథలు వినడానికి ఒక మనిషి కావాలి. ఏళ్ల తరబడి ఆ పనే చేస్తున్న టైపిస్టు ఆర్థర్ గారు, అంటే మా ఆయన, ఉండనే ఉన్నారు.

మా సంఘంలో సాక్ష్యమంటే కోర్టు సాక్ష్యం కన్నా గట్టిది. కోర్టులో మాట మార్చుకోవచ్చు. జట్కా లూకా ఒకసారి లేచి, ప్రభువు నా చేత సేంధి మాన్పించాడన్నాడు (ఇక్కడ కల్లును సేంధి అంటారు). నెల తిరక్కుండా చిలకలగూడ సేంధి కాంపౌండు ముందు ఆయన గుర్రం దొరికింది, లోపల ఆయన దొరికాడు. దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేశాడని ఇప్పటికీ గుళ్లో ఆయన బెంచీ మీద ఇంకొకరు కూర్చోరు. ఈయన సంఘపెద్ద పదవి మీద కన్నేసిన జకర్యా అయితే ఆయన్ని "సాక్షి లూకా" అనే పిలుస్తాడు.

ఇంటికొచ్చాక "నాతో ఒక్కమాటైనా అనకుండా ఏవిటండీ ఇది?" అన్నాను.

"నీకు చెప్తే వద్దంటవు గద కృపా."

నేనెందుకు వద్దంటాను? వెళ్ళనీ. ఇల్లు నిమ్మళంగా ఉంటుంది. నాకేం బాధ లేదు.

జూలై 11

హుస్సేన్‌సాగర్‌లో దొరకున్న చిన్న పడవ మీద ఈయనకు తర్ఫీదు. గట్టున గొడుగేసుకుని నేనూ చూశాను. తెరచాప ఎత్తారు, గాలి వీచింది, పడవ ఒక పక్కకు ఒరిగింది. మా ఆయన పొద్దున తిన్న ఉప్మా మొత్తం హుస్సేన్‌సాగర్‌కు సమర్పించారు. దొర కుక్క ప్రిన్స్ మాత్రం ముందు భాగాన జమీందారులా కూర్చుని గాలి పీల్చుకుంది.

ఈయన సముద్రాన్ని చూడలేదు. సికింద్రాబాదులో పుట్టి పెరిగిన మనిషి, చూసిన పెద్ద నీళ్ళు ఇవే. నేను బందరు పిల్లని. మా నాన్న గిలకలదిండిలో చేపలు పట్టే పల్లెకారుల మధ్య ఉపదేశి. నేను నడక నేర్చింది పడవల నీడలో. ఆకాశం ఏ రంగులో ఉంటే పల్లెకారులు పడవ తియ్యరో నాకు తెలుసు. ఈ ఇంట్లో సముద్రం ఎరిగిన మనిషి ఒకరుంటే అది నేను. నన్నెవరూ పిలవలేదు.

పిలవాలని కాదు, ఊరికే రాస్తున్నాను.

జూలై 18

మారేడ్‌పల్లిలో మా ఇంటికీ టైలరు జాన్ సాహెబ్ ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఈయన యాత్రకు తెల్ల పంట్లాలు ఆయనే కుట్టాడు. "దీవులల్ల ఎండ జాస్తి అంటున్నరు సాబ్, అందుకే జెర వదులు పెట్టిన" అని తెచ్చి ఇచ్చాడు. ఈయన తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ నడిచారు. వదులు ఎంతంటే అందులో నేను కూడా పట్టేదాన్ని.

గుండీలు కుట్టింది జాన్ సాహెబ్ బావమరిది అల్లాఉద్దీన్. అతనికి నల్లగా నిగనిగలాడే గడ్డం, జేబులో ఎప్పుడూ దువ్వెన. మాట్లాడుతూ మాట్లాడుతూ గడ్డం దువ్వుకుంటాడు, వాళ్ళక్క రసూల్ బీ "పెండ్లికొడుకా, సూదిల దారం ఎక్కియ్యి" అని తిడుతుంది. ఊళ్లో రజాకార్ల కవాతు వెళ్తుంటే తలుపేసుకుని లోపల గుండీలు కుట్టుకునే రకం.

"ఆర్థర్ సాబ్, పడవల జెర జాగా ఉంటే నన్ను సుత ఎక్కించుండ్రి. అంగీలు కుడ్త, తెరచాప చినిగితె గది సుత కుడ్త" అన్నాడు.

"దొరనడిగి చెప్త" అన్నారు ఈయన, పడవ తన పేర రాసిచ్చినట్టు.

జూలై 25

వీడ్కోలు కూడిక అయింది. ఏడాది పొడుగునా ఎండ కాసే దీవులకు వెళ్ళేవాడికి మా సంఘం ఇచ్చిన కానుకలు: ఉన్ని మేజోళ్ళు, పాస్టరుగారి భార్య రోసమ్మగారు స్వయంగా అల్లిన స్వెట్టరు, మఫ్లరు. ఈయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సంఘపెద్ద పదవి జకర్యాకు అప్పగించారు. జకర్యా కూడా ఏడ్చాడు, ఆనందం పట్టలేక.

తీరా ప్రయాణం వాయిదా పడింది. ఇండియా యూనియన్ వాళ్ళు నిజాం రాజ్యానికి వచ్చే దారులన్నీ బిగించారు. విమానాలు బంద్. దొర కాగితాలు ఎక్కడో ఆగాయి.

ఆగస్టు 8

ఉప్పు దొరకడం లేదు. ఈయన రోజూ స్వెట్టరు తీసి ఎండలో ఆరేసి మళ్ళీ పెట్టెలో పెడుతున్నారు.

ఆగస్టు 22

రెండో వీడ్కోలు కూడిక. ఈసారి పులిహోర లేదు, టీ మాత్రమే, అదీ బెల్లం టీ. "పోతున్నడా, మళ్ళ ఇంకో కూడిక పెట్టుకుందమా?" అని జకర్యా వెనక బెంచీ నుంచి నాకు వినపడేట్టే అన్నాడు.

నిజంగానే వెళ్ళిపోతే బాగుండును. ఈ పరువు తక్కువైనా తప్పుతుంది.

సెప్టెంబరు 11, శనివారం

బేగంపేటకు దొరలను ఎక్కించుకుపోయే విమానం వస్తుందని తెల్లారేసరికి కబురు. గుడి ముందు మూడోసారి దండ వేశారు. లూకా జట్కాలో మమ్మల్ని బేగంపేట గేటు దగ్గర దింపి, ఊళ్లో గొడవలని వెంటనే గుర్రాన్ని మళ్ళించుకుపోయాడు. మంచిదే అయింది, చూసే కళ్ళు తగ్గాయి.

విమానం తెల్లవాళ్ళకేనట. మెక్లీన్ దొర ఎక్కాడు. ఆయన ఒళ్లో ప్రిన్స్ ఎక్కింది. ఈయన తెల్ల పంట్లాము, మెడలో బంతిపూల దండ, చేతిలో ట్రంకు పెట్టెతో నిలబడ్డారు. దొర కిందకి వంగి భుజం తట్టి, "పడవ దగ్గర కలుద్దాం ఆర్థర్, ఎలాగైనా వచ్చెయ్" అన్నాడు. సికింద్రాబాదు నుంచి బార్బడోసుకు గంటకో జట్కా నడుస్తున్నట్టు! విమానం లేచింది. అది కనపడకుండా పోయేదాకా ఈయన చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

పెట్టె చెరో పక్కా పట్టుకుని, సందుగొందులు తిరిగి, దీపాలు పెట్టేవేళకు పెరటి వాకిలి నుంచి ఇంట్లోకి వచ్చాం.

"ఇయ్యాల ఒక్కరోజు ఎవ్వరికి చెప్పకు. రేపు గుళ్లె నేనే లేచి చెప్త" అన్నారు.

జాలేసింది. ఆ దండ నేనే తీశాను.

సెప్టెంబరు 12

ఈయనకు కడుపునొప్పి. గుడికి రాలేదు. సాక్ష్యం రోజున రాని కడుపునొప్పి ఇవాళ వచ్చింది.

పాస్టరుగారు ప్రసంగ పీఠం నుంచి, "మన సహోదరుడు ఆర్థర్ ఈ గడియలో మేఘముల మీద ప్రయాణించుచున్నాడు" అన్నారు. సంఘమంతా నావైపు తిరిగింది. లేచి నిజం చెప్పాలి. జకర్యా ముఖం చూశాను. లూకా బెంచీ చూశాను.

లేవలేదు.

సెప్టెంబరు 14

యూనియన్ సైన్యం బయల్దేరింది. మేఘాల మీద నిజంగానే విమానాలు తిరుగుతున్నాయి. మేఘాల మీద ప్రయాణించవలసిన సహోదరుడు మంచం కింద ఉన్నారు.

సెప్టెంబరు 18

అయిపోయింది. నిన్న రేడియోలో లొంగిపోయామన్నారు. ఇవాళ ఊళ్లోకి ట్యాంకులు వచ్చాయి. కొందరు పూలు చల్లారు, కొందరు తలుపులు వేసుకున్నారు. గోడ అవతల కుట్టుమిషను చప్పుడు లేదు.

సాయంత్రం రోసమ్మగారు వచ్చారు. ఈయన వెనక గదిలో ఊపిరి బిగబట్టారు.

"ఏమే కృపా, ఆర్థర్ పోయి చేరిండా? ఖబరు గిట్ల వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను. నోరు నాదే.

"పోస్టు బంద్ అంటున్నరు గద?"

"దొరల పోస్టు వేరండీ."

ఆవిడ తల ఊపారు. ఈ ఊళ్లో దొరలది వేరు అంటే ఎవరూ మారు మాట్లాడరు. "అయితె వచ్చే శనివారం స్త్రీల సమాజంల చెప్పు. అందరు పరేషాన్ ఉన్నరు, ఏదన్న మంచి ముచ్చట వింటరు."

సెప్టెంబరు 25

నాలుగో తరగతికి నేను చెప్పే భూగోళం పుస్తకంలో వెస్టిండీసుకు అర పేజీ ఇచ్చారు. చెరుకు, అరటి, తుపానులు. మ్యాపులో ఆ దీవులు పోపు గింజలు ఒలికినట్టున్నాయి. రాత్రే ఈయన ముందు ఒకసారి అప్పజెప్పుకుని, ఇవాళ చెప్పాను.

బార్బడోసులో తెల్లటి ఇసుక. రేవులో "పేషెన్స్". దొర చుక్కాని పట్టుకుంటే ఈయన తెరచాప తాడు లాగారు. నీళ్ళు ఒడ్డు దగ్గర పచ్చగా, కొంచెం పోతే నీలంగా, ఇంకా పోతే నల్లగా. గిలకలదిండి నీళ్ళు బురద రంగు. రంగులు నేను వేశాను. ఎగిరే చేపలు వచ్చి పడవలో పడ్డాయంటే ఎవరూ ఊపిరి తియ్యలేదు. ఊళ్లో కర్ఫ్యూ, ఇంట్లో జొన్నరొట్టె. ఇన్ని రోజులకు అందరి ముఖాలూ విప్పారాయి. నన్నెప్పుడూ ఎవరూ అలా చూడలేదు.

ఇదొక్కసారే. వచ్చేవారం నిజం చెప్పేస్తాం.

అక్టోబరు 2

ఆంటిగ్వా.

ఇంటికొచ్చేసరికి ఈయన అలిగి కూర్చున్నారు. రిహార్సల్లో లేనిది చెప్పానట. సమాజం అయ్యాక ఇద్దరాడవాళ్ళు మా కిటికీ కింద చెప్పుకుని నవ్వుతుంటే విన్నారట.

"నాకు వాంతులైనయని ఎందుకు చెప్పినవే?"

"నమ్మాలి కదండీ."

"దొర కుక్కకు స్నానం పోసిన్నని సుత చెప్పినవు!"

"పోసేవారు కాదూ?"

తరవాత కంచం ముందు కూర్చుని మెల్లగా, "వచ్చే వారం ఏడున్న నేను?" అన్నారు.

నవ్వాగలేదు. పెళ్ళయిన కొత్తల్లో కూడా మేం ఇంత మాట్లాడుకోలేదు.

ఈయన గడ్డం పెంచుతున్నారు. "దీవుల మీదికెల్లి వచ్చినోనికి గడ్డం లేకుంటె ఎవరు నమ్ముతరు?" అని వాదన. తిరిగొచ్చినట్టు ఎప్పుడో ఒకరోజు పెట్టెతో ముందు వాకిట్లోంచి రావాలని మా ఏర్పాటు. అప్పటికి గడ్డం సిద్ధంగా ఉండాలట. నల్లగా, దట్టంగా, బాగానే వచ్చింది. ఇదే వారం గోడ అవతల జాన్ సాహెబ్ తన గడ్డం తీసేశాడు. పొద్దున నీళ్ళు తోడుతుంటే ఎవరో కొత్త మనిషి అనుకున్నాను. సలాం చేసి ముఖం తిప్పుకున్నాడు. అల్లాఉద్దీన్‌ను కూడా తీసెయ్యమన్నాడట. "నేనేం తప్పు చేసిన బావా?" అన్నాడట అతను.

అక్టోబరు 5

పొద్దున మిలిటరీ లారీ వచ్చింది. రజాకార్లను ఏరుతున్నారు. అల్లాఉద్దీన్‌ను పట్టుకుపోయారు.

రసూల్ బీ చెప్పుల్లేకుండా మా గుమ్మంలోకొచ్చింది. "టీచరమ్మా, మీరొచ్చి ఒక్కమాట చెప్పుండ్రి. మీరు ఇసాయోళ్లు, చదువుకున్నోళ్లు, మీ మాట ఇంటరు. వాడు గుండీలు కుట్టెటోడని చెప్పుండ్రి. గంతే."

వెనక గదిలో ఈయన ఉన్నారు. నేను వెళ్ళి చెబితే నీ ఇల్లెక్కడ అంటారు. ఇల్లు చూస్తామంటారు.

స్కూలుకు టైమైందన్నాను.

అక్టోబరు 6

స్కూలుకు వెళ్ళాను.

అక్టోబరు 7

స్కూలుకు వెళ్ళాను. అల్లాఉద్దీన్ ఈపాటికి వచ్చేసే ఉంటాడు. అడగలేదు.

అక్టోబరు 9

మార్టినిక్.

ఇది పుస్తకంలో లేదు. మా నాయనమ్మ అన్న ఒకాయన మద్రాసులో ఓడెక్కి ఆ దీవుల్లో చెరుకు తోటల కూలీకి పోయాడు. మళ్ళీ రాలేదు. నాయనమ్మ చచ్చిపోయేదాకా పండగరోజున ఒక విస్తరాకు ఎక్కువ వేసేది. అది గుర్తొచ్చి చెప్పాను: ఆర్థర్ గారు రేవులో దిగి అరటిపళ్ళు బేరమాడుతుంటే, అమ్మే ముసలమ్మ ఈయన వేళ్ళ మీద తెలుగులో లెక్కపెట్టుకోవడం విని చెయ్యి పట్టుకుంది. "తెలుగోడివా అయ్యా? మా అమ్మది బందరంట. ఎట్టా ఉంటదయ్యా బందరు?" అంది. డబ్బు పుచ్చుకోలేదు.

రోసమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా అబద్ధానికి నేనే!

ఇంటికొస్తే ఈయన పెట్టె సర్దుకుని కూర్చుని ఉన్నారు. "ఇగ చాలు కృపా. రేపు బయటకొస్త. సాక్షి ఆర్థర్ అంటె అననీ. ఈ గదిల దమ్ము ఆడుతలేదు."

"ఇంకొక్క వారం ఆగండి. పడవ గ్రెనడా దారిలో ఉంది, మధ్యలో వదిలేస్తే ఎలా?"

నిజం రాస్తాను, ఇది ఎవరూ చదివేది కాదు. పడవ కోసం కాదు. శనివారం కోసం.

అక్టోబరు 16, శనివారం

తలుపు గడియ రెండుసార్లు చూసి వచ్చి రాస్తున్నాను.

స్త్రీల సమాజం ఇళ్ళ వంతున జరుగుతుంది. ఇవాళ మా వంతు. ఈయన్ని వెనక గదిలో పెట్టి గడియ వేశాను. గ్రెనడా దగ్గర తుపాను పట్టింది. తెరచాప కొయ్య ఒరిగింది, చాప చినిగింది, దొర దేవుణ్ణి తలుచుకున్నాడు, ప్రిన్స్ నీళ్ళలో పడింది. (పడనీ.) సరిగ్గా అప్పుడు వాకిట్లో బూట్లు.

అయిదారుగురు సిపాయిలు, హిందీ మాట్లాడే ఒక ఆఫీసరు, వాళ్ళకు ఇళ్ళు చూపిస్తూ ఒక ఖద్దరు టోపీ. టోపీ ఇస్త్రీ మడత ఇంకా పోలేదు. ఈ ఇంట్లో మగమనిషి దగ్గు వినపడుతోందని ఎవరో చెప్పారట. నేను లేచేలోపు గడియ తీశారు.

గడ్డంతో, వదులు తెల్ల పంట్లాముతో, చీకటి గదిలోంచి మా ఆయన బయటికొచ్చారు.

"ఎవరితను?" అన్నాడు ఆఫీసరు.

"మా ఆయన" అన్నాను.

ఖద్దరు టోపీ నవ్వాడు. "సాబ్, ఈమె మొగడు పడవెక్కి దేశాలు తిరుగుతుండు. మారేడ్‌పల్లి అంత ఎరికే. వీడెవడో రజాకారు."

ఈయన చేతులెత్తి, "హుజూర్, మై ఆర్థర్ హూఁ, ఖుదా కసమ్" అన్నారు. భయమేస్తే సికింద్రాబాదు మనిషికి ఉర్దూయే వస్తుంది. ఆ ఉర్దూ, ఆ గడ్డం, ఇంకేం కావాలి? ఇద్దరు సిపాయిలు రెక్కలు పట్టుకున్నారు.

జాన్ సాహెబ్ గోడ అవతల నుంచి పరిగెత్తుకొచ్చాడు. తన ఇంట్లోంచి మనిషిని తీసుకుపోతే నేను కదలలేదు, నా ఇంటికి ఆయన పరిగెత్తుకొచ్చాడు. "సాబ్, ఈయన ఆర్థర్ సాబే. ఈ పంట్లాము నేనే కుట్టిన, సూడుండ్రి" అన్నాడు. "నీకు ఎవడు పూచీ?" అని ఒక సిపాయి తుపాకీ మడమతో భుజం మీద కొట్టాడు. ఆయన గుమ్మం మీద పడ్డాడు. నేను చెప్పిన ప్రతి శనివారమూ నా గొంతు పట్టుకుని కూర్చుంది.

రోసమ్మగారు లేచారు. భారీ మనిషి, లేవడానికి కొంచెం టైము పడుతుంది. చీర సర్దుకుని, ఈయన్ని కిందినుంచి పైదాకా చూశారు.

"ఈయన ఆర్థర్. కృప మొగడు. ఇయ్యాల పొద్దుగాలనే ఓడ దిగొచ్చిండు. గడ్డం సుత తీస్కోలే, సూస్తలేరా? నేను పాస్టరు భార్యను. రేపు గుళ్లె ఈయన సాక్ష్యమున్నది, మీరు సుత రాండ్రి." తరవాత గుమ్మం వైపు వేలు చూపారు. "గాయన మా టైలరు. గాయన మీద చెయ్యెయ్యకుండ్రి."

ఆఫీసరు ఆవిడ మెడలో సిలువనూ ముఖాన్నీ చూశాడు. ఏదో అన్నాడు. రెక్కలు వదిలారు.

వాళ్ళు వెళ్ళారు. రోసమ్మగారు కూలబడి మంచినీళ్ళడిగారు. "ఇన్నేండ్లల్ల ఒక్క అబద్ధం ఆడలేదే. ఎంత అల్కగ వచ్చింది! నీ దగ్గర నేర్సుకున్ననే కృపా" అన్నారు.

ఆవిడ అబద్ధమాడి ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మంగళవారం రసూల్ బీ నన్ను చెప్పమన్నది నిజమే. గుండీలు కుడతాడు. గంతే. నాకు సిగ్గుగా ఉంది. సిగ్గు అన్న మాట చాలదు.

అక్టోబరు 17

ఈయన నున్నగా గీసుకుని గుడికి వచ్చారు. లేచారు. ఈసారి బైబిలు భాష రాలేదు.

"నేను ఏడికి పోలే. దొర నన్ను ఎక్కించుకోలే. సిగ్గయి ఇంట్ల దాక్కున్న. గంతే" అని చెప్పి, మా బెంచీ వైపు రాబోయారు. జకర్యా కాళ్ళు చాపి కూర్చున్నాడు, దారి ఇవ్వలేదు.

వెనక నుంచి లూకా గొంతు. "ఇటు రా అన్నా. ఈడ మస్తు జాగా ఉన్నది."

ఈయన వెళ్ళి లూకా పక్కన కూర్చున్నారు. నేనూ వెళ్ళాను. తరవాత ముందు బెంచీ నుంచి రోసమ్మగారు లేచి, పాస్టరుగారు చూస్తుండగానే నడిచొచ్చి, "జెర జరుగు లూకా, నిన్న నేను సుత అబద్ధం ఆడిన" అన్నారు. ఇన్నేళ్ళ తరవాత ఆ బెంచీ నిండింది. లూకా దగ్గర సేంధి వాసన వస్తూనే ఉంది.

అక్టోబరు 19

రోసమ్మగారు, నేను, రసూల్ బీ మిలిటరీ క్యాంపుకు వెళ్ళాం. చెప్పాను. అతను గుండీలు కుడతాడు, కవాతుకు ఏనాడూ పోలేదు, గోడ పక్క మనిషిని, నాకు తెలుసు అన్నాను.

"ఆ రోజే వచ్చి చెప్పాల్సింది" అన్నాడు అక్కడి మనిషి, మర్యాదగానే. ఆ లారీలో వాళ్ళను ఎక్కడికో పంపేశారట. ఎక్కడికో ఆయనకు తెలియదు.

తిరిగొచ్చేటప్పుడు రసూల్ బీ నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్టోబరు 23, శనివారం

సమాజం రోసమ్మగారింట్లో. ప్రార్థన అయ్యాక, "ఇక దీవులు లేవండీ, అన్నీ నా అబద్ధాలే, మీకూ తెలిసిందిగా" అన్నాను.

"తెలుస్తె?" అన్నారు రోసమ్మగారు. "తుపాన్ల పెట్టి పోతవా? పడవ ఏమైందో చెప్పు."

అప్పుడు చూశాను, గుమ్మం దగ్గర రసూల్ బీ. ఈ సమాజానికి ఎప్పుడూ రాని మనిషి. లోపలికి రమ్మంటే రాలేదు, అక్కడే కూర్చుంది.

"గోడ అవుతలికెల్లి అన్ని వారాలు ఇన్న టీచరమ్మా, మీరు సాబ్‌కు చెప్తుంటె" అంది. కొంగు కొసను వేలికి చుడుతోంది, విప్పుతోంది. "పడవల జెర జాగా ఉన్నదా? మా వాణ్ణి సుత ఎక్కియ్యుండ్రి. వాడు అడిగిండు గద."



తుపాను తగ్గింది అన్నాను. పడవ చినిగిన తెరచాపతోనే ట్రినిడాడ్ చేరింది. తెరచాప కుట్టేవాడు దొరుకుతాడా అని రేవంతా వెతికారు. ఒడ్డున ఒకతను సూదీ దారం పట్టుకుని ముందే నిలబడి ఉన్నాడు. "నేను కుడ్త, జాగా ఉంటె నన్ను సుత ఎక్కించుండ్రి" అన్నాడు. ఎక్కించుకున్నారు. తెరచాప కుట్టాడు. గాలి నిండింది.

రసూల్ బీ వేలికి చుట్టిన కొంగు విప్పేసింది. తరవాత, "గడ్డం?" అంది. "గడ్డం తీసేసిండా ఆడ?"

"లేదు" అన్నాను. "దువ్వుకుంటున్నాడు."